కోటా బియ్యానికి జెనీవాలో కట్టిన ధర

మా వీధి చివర చౌకధరల దుకాణం ముందు నెల మొదటి వారంలో సంచులు వరసలో ఉంటాయి, మనుషులు వేపచెట్టు నీడలో ఉంటారు. ఏ సంచి ఎవరిదో అందరికీ తెలుసు. మొన్న ఒక పెద్దావిడ వంతు వచ్చింది. ఈపాస్ యంత్రం మీద బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు పెట్టింది, అదీ పడలేదు. నలభై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, అంట్లు తోమిన చేతుల్లో గీతలు ఏం మిగులుతాయి? డీలరు తడిగుడ్డతో ఆమె వేళ్లు తుడిచి, "మళ్లీ పెట్టమ్మా, మరీ గట్టిగా నొక్కకు" అన్నాడు. నాలుగోసారికి పడింది. కార్డులో నలుగురు, ఇరవై కిలోలు. కాటా మీద అంకె నిలబడేదాకా ఆమె చూపు అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ ఇరవై కిలోల మీద స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో, ప్రపంచ వాణిజ్య సంస్థలో, ఏళ్ల తరబడి తగువు నడుస్తోంది. మన పత్రికల్లో అది వాణిజ్య పేజీలో రెండు పేరాల వార్తగా వచ్చి పోతుంది. రైతుకిచ్చే మద్దతు ధర, పేదింటికి చేరే బియ్యం, విదేశాలతో మన పేచీలు, ఈ మూడూ ఒకే ముడిలో ఉన్నాయి. ఆ ముడి ఎలా పడింది, అందులో పరాయి దేశాల తప్పెంత, మన తప్పెంత అన్నది తెలియకుండా రేషన్ గురించి మనం చేసే చర్చలన్నీ సగం చర్చలే. అందుకే కాస్త ఓపిక పట్టి మొదటినుంచీ చూద్దాం.

మొదలు గోధుమల ఓడలతో. అమెరికా తన మిగులు ధాన్యాన్ని వెనకబడిన దేశాలకు పంపడానికి 1954లో ఒక చట్టం చేసుకుంది. పీఎల్ 480 అని మన పెద్దవాళ్లు ఇప్పటికీ గుర్తుపెట్టుకున్న పేరు దానిదే. 1956లో భారత్ ఆ చట్టం కింద ఒప్పందం చేసుకుంది. డాలర్లు లేని దేశం రూపాయల్లో చెల్లించి గోధుమలు తెచ్చుకునే వీలు అది. మొదట్లో వరంలాగే కనిపించింది. 1965, 1966లలో వరుసగా వానలు మొహం చాటేశాయి. 1966లో మనం దిగుమతి చేసుకున్న తిండిగింజలు కోటి టన్నులు దాటాయి.

ఆ సమయంలో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఓడల పగ్గాలు తన చేతిలోకి తీసుకున్నాడు. ఏడాదికి సరిపడా ఒకేసారి ఒప్పుకోకుండా, విడతలు విడతలుగా, తాను సరేనన్నాకే ధాన్యం కదిలేలా చేశాడు. భారత్ తన వ్యవసాయ విధానం మార్చుకోవాలన్న ఒత్తిడి ఒక కారణం. వియత్నాం మీద అమెరికా బాంబుల వర్షాన్ని మన ప్రభుత్వం తప్పుపట్టడం మరో కారణం. ఢిల్లీలో ఒక ప్రకటన చేస్తే దాని ఫలితం బీహారులో కరువు పల్లెల దాకా వెళ్తుందన్న భయం అప్పటి పాలకులది. పరాయి దేశపు ఓడ మీద కడుపు ఆధారపడితే నోరు పెగలదని అప్పుడు తెలిసొచ్చింది. ఆ తర్వాత మన ఆహార విధానం నడక అంతా ఆ గాయం నుంచి వచ్చిందే.

దానికి ముందే పునాది పడింది. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానిగా, సి. సుబ్రహ్మణ్యం ఆహార మంత్రిగా ఉండగా 1965లో భారత ఆహార సంస్థ పుట్టింది. పంటల ధరలు సిఫారసు చేసే కమిషన్ కూడా అదే ఏడు మొదలైంది. 1966లో 18,000 టన్నుల మెక్సికో గోధుమ విత్తనాలు ఓడల్లో వచ్చాయి. వరిలో ఐఆర్ 8 రకాన్ని మన గోదావరి డెల్టాలో పండించి చూపించిన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుకు దేశమంతా పేరు వచ్చింది. ఆ తర్వాత మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ, బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాయి. కొత్త విత్తనం వేసి నష్టపోతే రైతు గతేమిటి? ఆ భయం తీర్చడానికే ప్రభుత్వం ముందుగా ఒక ధర ప్రకటించి, ఆ ధరకు తానే కొంటానని మాట ఇచ్చింది. కొన్న ధాన్యం చౌకధరల దుకాణానికి వెళ్తుంది. రైతు వైపు భరోసా, పేదవాడి వైపు భరోసా ఒకే గోదాములో కలిశాయి.

ఆ గోదాము తలుపులు మన రాష్ట్రంలో బార్లా తెరిచింది 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం. కిలో రెండు రూపాయల బియ్యం. ఖజానా ఏమవుతుందని అప్పట్లో వచ్చిన విమర్శలకు కొరత లేదు. కానీ కూలి దొరకని ఆషాఢంలో కూడా పొయ్యి వెలిగిన ఇళ్లను చూసినవాళ్లకు ఆ పథకం ఏం చేసిందో వేరే చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్ల తర్వాత, 2013లో, జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది. పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభా దాకా, మనిషికి నెలకు 5 కిలోలు. సుమారు 81 కోట్ల మందికి అది హక్కయింది. మొదట కిలో బియ్యం 3 రూపాయలు. 2023 జనవరి నుంచి ఉచితం. ఆ బియ్యం కొని, ఆడించి, నిల్వచేసి, దుకాణం దాకా చేర్చడానికి కిలోకు సుమారు 40 రూపాయలు అవుతోంది. ఆహార సబ్సిడీకి కేంద్ర బడ్జెట్ ఏటా కేటాయిస్తున్నది దాదాపు 2 లక్షల కోట్ల రూపాయలు.

ఇక జెనీవాకు వద్దాం. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైనప్పుడు వ్యవసాయ ఒప్పందం ఒకటి అమల్లోకి వచ్చింది. ఒక దేశం తన రైతులకు మార్కెట్ ధరకు మించి డబ్బిస్తే ఆ రైతులు ఎక్కువ పండించి ప్రపంచ మార్కెట్లో ధర పడగొడతారు, మిగతా దేశాల రైతులు నష్టపోతారు, కాబట్టి దానికి హద్దు ఉండాలన్నది ఆ ఒప్పందం వెనక వాదన. అందులో న్యాయం లేకపోలేదు. అభివృద్ధి చెందుతున్న దేశాలకు పెట్టిన హద్దు ఒక్కో పంట ఉత్పత్తి విలువలో 10 శాతం.

చాలామంది పొరబడే చోటు ఇదే. పేదలకు చౌకగా, ఉచితంగా బియ్యం పంచకూడదని ఆ ఒప్పందం ఎక్కడా చెప్పదు. ఎంత పంచినా అభ్యంతరం లేదు. అమెరికా తన పేదలకు ఆహార సాయం కార్డుల మీద ఏటా దాదాపు 10,000 కోట్ల డాలర్లు ఖర్చు పెడుతోంది. సుమారు నాలుగు కోట్ల మందికి అందే ఆ సాయానికి ఏ హద్దూ లేదు. అభ్యంతరమల్లా ధాన్యం కొన్న తీరు మీద. ప్రభుత్వం ముందే ప్రకటించిన ధరకు రైతు దగ్గర కొని నిల్వ చేస్తే, ఆ ధరకీ, ఒప్పందంలో రాసుకున్న 'బయటి ధర'కీ మధ్య తేడా మొత్తాన్నీ రైతుకిచ్చిన సబ్సిడీగా లెక్కగట్టాలని ఒప్పందం అనుబంధంలో ఒక పాదసూచిక ఉంది. అమెరికా ఇంటికి కార్డు పంపుతుంది, ఆ ఇల్లు అంగట్లో కొనుక్కుంటుంది. మనం ధాన్యమే కొని ఇంటికి పంపుతాం. కోట్లమంది చిన్న రైతులున్న దేశంలో, పంట చేతికొచ్చిన పది రోజుల్లో అప్పులవాడు గుమ్మంలో నిలబడే చోట, ప్రభుత్వం కాటా పట్టుకుని కల్లం దగ్గరికి వెళ్లకపోతే రైతుకు ధర దక్కదు. ఆ తేడాను ఆ పాదసూచిక గుర్తించలేదు.

మరి ఆ బయటి ధర ఎప్పటిది? 1986-88 నాటిది. ఆ మూడేళ్ల సగటు ధరను శాశ్వతంగా ఖాయం చేశారు. మన బియ్యానికి అది టన్నుకు 262.51 డాలర్లు, రూపాయల్లో 3,520. అప్పుడు డాలరు పదమూడు రూపాయల చిల్లర, ధాన్యం మద్దతు ధర క్వింటాకు సుమారు నూట యాభై రూపాయలు. 2025-26లో మామూలు రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. డీజిలు, కూలి, ఎరువు, కోతమిషన్ అద్దె అన్నీ ఈనాటి ధరల్లో ఉన్నాయి. కొలబద్ద మాత్రం రాజీవ్ గాంధీ ప్రధానిగా ఉన్ననాటిది.

లెక్క ఒకసారి చేతితో వేసి చూస్తే విషయం తేటపడుతుంది. 2018-19 సంగతి తీసుకుందాం. మామూలు రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 1,750 రూపాయలు. క్వింటా ధాన్యం ఆడిస్తే మిల్లరు ప్రభుత్వానికి అప్పగించాల్సింది 67 కిలోల పచ్చి బియ్యం. ఆ లెక్కన టన్ను బియ్యానికి సుమారు 26,100 రూపాయలు. డాలరు 70 రూపాయలనుకుంటే 373 డాలర్లు. జెనీవా పుస్తకంలో ధర 262.51. తేడా 110 డాలర్లు. ఆ సీజన్లో ప్రభుత్వం సేకరించిన బియ్యం సుమారు 4.4 కోట్ల టన్నులు. రెంటినీ గుణిస్తే 500 కోట్ల డాలర్లకు దగ్గరవుతుంది. ఆ ఏడు దేశంలో పండిన మొత్తం బియ్యం విలువ 4,367 కోట్ల డాలర్లు, అందులో పదోవంతు సుమారు 437 కోట్లు. గీత దాటాం. 2020లో భారత్ ఆ సంగతిని తానే జెనీవాకు లిఖితపూర్వకంగా తెలియజేసింది.

అదే సమయంలో థాయిలాండ్ బియ్యం ప్రపంచ మార్కెట్లో టన్ను 400 డాలర్లకు పైగానే పలికింది. మన ప్రభుత్వం రైతుకిచ్చిన ధర దానికి దిగువనే ఉంది. ముప్పై ఏళ్ల నాటి ధర పక్కన పెట్టి చూడబట్టి ఆ తేడా సబ్సిడీగా కనిపించింది తప్ప, ఆ ఏడు బజారు ధరతో పోలిస్తే రైతు జేబులోకి అదనంగా వెళ్లింది ఏమీ లేదు. మార్టేరు చుట్టుపక్కల ఏ కౌలురైతును అడిగినా, కొనుగోలు కేంద్రంలో తనకు అందినదేమిటో చెప్తాడు: తేమ 17 శాతానికి దిగేదాకా టార్పాలిన్ పక్కన పడక, మబ్బు పట్టినప్పుడల్లా గుండెదడ, తాలు పేరుతో తరుగు పేరుతో బస్తాకు కిలోనో రెండు కిలోలో కోత. 500 కోట్ల డాలర్ల సబ్సిడీ అందుకున్నవాడి బతుకు అలా ఉండదు.

లెక్కవేసే పద్ధతి మార్చితే ఆ అంకె ఇంకా ఉబ్బుతుంది. డాలర్లలో కాక రూపాయల్లో వేస్తే బయటి ధర 3,520 రూపాయలే కాబట్టి తేడా టన్నుకు 22,000 దాటుతుంది. ప్రభుత్వం కొన్నదానికి మాత్రమే కాక, దేశంలో పండిన బియ్యం మొత్తానికీ ఆ తేడా వర్తింపజేయాలని మన మీద వాదించేవాళ్లు అంటారు. 2018 మేలో అమెరికా సరిగ్గా ఆ పద్ధతిలోనే లెక్కగట్టి, 2010-11 నుంచి 2013-14 వరకు భారత్ వరికిచ్చిన మద్దతు ఉత్పత్తి విలువలో 70 శాతం దాటిందని జెనీవాలో కాగితం పెట్టింది. ఇంట్లో తినడానికి ఉంచుకున్న గింజలు, వ్యాపారికి తక్కువ ధరకు అమ్ముకున్న గింజలు కూడా సబ్సిడీ పొందినట్టే అందులో రాశారు.

ఒప్పందం రాసినప్పుడు బలమైన దేశాలు తమకు వేరే వెసులుబాటు చేసుకున్నాయి. అప్పటికే భారీగా సబ్సిడీలిస్తున్న దేశాలు ఎంతో కొంత తగ్గించుకుంటామని చెప్పి మిగిలినదాన్ని హక్కుగా ఉంచుకున్నాయి. అమెరికాకు అలా దక్కిన పరిమితి ఏటా 1,910 కోట్ల డాలర్లు. ఐరోపా సమాఖ్యకు 7,200 కోట్ల యూరోలు. వాటిని ఏ పంట మీదైనా కుమ్మరించవచ్చు. అంతకుముందు ఇవ్వని మనలాంటి దేశాలకు ధర మద్దతు విషయంలో పంటకు 10 శాతం తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు సంతకం పెట్టిన మన ప్రతినిధులు 1986-88 ధరను ద్రవ్యోల్బణంతో పాటు పెంచే నిబంధన గట్టిగా రాయించుకోకపోవడం పెద్ద పొరపాటు. దాని మూల్యం ముప్పై ఏళ్లుగా కడుతున్నాం.

2013 సెప్టెంబరులో ఆహార భద్రత చట్టం వచ్చింది. డిసెంబరులో ఇండోనేషియాలోని బాలిలో వాణిజ్య మంత్రుల సమావేశం. ఇలాంటి నిల్వలకు మినహాయింపు కావాలని జీ-33 అనే అభివృద్ధి చెందుతున్న దేశాల కూటమి అడుగుతోంది. మన మంత్రి ఆనంద్ శర్మ పట్టు విడవలేదు. చివరికి 'శాంతి నిబంధన' అనే ఏర్పాటు కుదిరింది. హద్దు దాటినా, కొన్ని షరతులు పాటిస్తే, ఎవరూ దావా వేయరు. మొదట అది నాలుగేళ్లకే అన్న అర్థంలో ఉంది. 2014లో ప్రభుత్వం మారింది. ఆ జులైలో సరుకు రవాణా సులభతరం చేసే ఒప్పందానికి ప్రపంచమంతా సంతకం పెట్టబోతుండగా, ఆహార నిల్వల సంగతి తేలేదాకా ఒప్పుకోమని నిర్మలా సీతారామన్ వాణిజ్య మంత్రిగా అడ్డంపడ్డారు. ఒంటరయ్యామని, మొండివాళ్లమని విదేశీ పత్రికలు తిట్టిపోశాయి. నవంబరులో అమెరికా దిగివచ్చింది. శాశ్వత పరిష్కారం దొరికేదాకా శాంతి నిబంధన కొనసాగుతుందని రాతపూర్వకంగా ఖాయమైంది. రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు ఒకదాని తర్వాత ఒకటి పేదవాడి గింజ దగ్గర ఒకే మాట మీద నిలబడ్డాయి. మన రాజకీయాల్లో అరుదైన ఆ సంగతిని గౌరవంగా గుర్తుంచుకోవాలి.

శాశ్వత పరిష్కారం మాత్రం రాలేదు. 2015లో నైరోబీ, 2017లో బ్యూనస్ ఎయిరిస్, 2022లో జెనీవా, 2024లో అబుదాబి. ప్రతి చోటా వాయిదా. ఆ సంస్థలో నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరగాలి, ఏ ఒక్క సభ్యదేశం కాదన్నా ఆగిపోతుంది. 2014లో మనకు పనికొచ్చిన ఆ పద్ధతే ఇప్పుడు మనకు అడ్డం.

శాంతి నిబంధన గొడుగు లాంటిదే గాని, దానికి చిల్లులున్నాయి. 2013 డిసెంబరు 7 నాటికే ఉన్న పథకాలకు మాత్రం అది వర్తిస్తుంది. ఏటా ఎంత కొన్నాం, ఎంత నిల్వ ఉంది, ఎంత పంచాం అని కాగితాలు సమర్పించాలి. అన్నిటికంటే ముఖ్యమైన షరతు, అలా సేకరించిన నిల్వలు ఇతర దేశాల వాణిజ్యాన్ని, వాటి ఆహార భద్రతను దెబ్బతీయకూడదు. తేలికమాటలో చెప్పాలంటే, మద్దతు ధరకు కొని రేషన్ కోసం దాచిన బియ్యం విదేశీ బజారులో చౌకగా తేలకూడదు. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం మనదే. ఆకలి కోసం నిల్వ చేస్తున్నామంటూ అందరికంటే ఎక్కువ ఎగుమతి ఎలా చేస్తున్నారని థాయిలాండ్, అమెరికా, ఆస్ట్రేలియా అడుగుతున్నాయి. ఎగుమతి చేసేది ప్రైవేటు వ్యాపారులు బజారులో కొన్న బియ్యం, ప్రభుత్వ గోదాములోది కాదు అని మన జవాబు. ఆ జవాబు నిజమై ఉండాలి. ఇక్కడే నాకు కడుపులో మండుతుంది.

2024 నవంబరు చివర్లో కాకినాడ రేవులో ఏం జరిగిందో అందరం టీవీల్లో చూశాం. ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ పడవెక్కి సముద్రంలోకి వెళ్లారు. పశ్చిమాఫ్రికాకు బయల్దేరాల్సిన 'స్టెల్లా ఎల్' అనే ఓడను ఆపమన్నారు. ఆ సరుకులో రేషన్ బియ్యం ఉన్నట్టు అధికారులు తేల్చారు. రాజకీయంగా ఎవరు ఎవరిని తిట్టారన్న దాని మీదే వారాల తరబడి చర్చ నడిచింది. అసలు ప్రశ్న పక్కకు పోయింది. జెనీవాలో మన రాయబారి చెప్పే జవాబుకు కాకినాడలో తూట్లు పడుతున్నాయన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ బియ్యం రేషన్‌దేనని ఎలా తెలుస్తుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇటీవలి ఏళ్లలో రేషన్ బియ్యంలో ప్రతి నూరు గింజలకు ఒక బలవర్ధక గింజ కలుపుతూ వచ్చారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, యంత్రంలో మళ్లీ గింజ ఆకారంలో వత్తుతారు. రక్తహీనత తగ్గించాలని ఆ ప్రయత్నం. బియ్యం కడిగేటప్పుడు ఆ గింజ కాస్త తేలుతుంది, రంగు కొంచెం తేడాగా ఉంటుంది. 'ప్లాస్టిక్ బియ్యం' అని భయపడి మన ఊళ్లలో ఎంతమంది ఏరి పారేశారో లెక్కలేదు. గర్భిణి నోట్లో పడాల్సిన ఆ చిన్న గింజే ఇప్పుడు రేవుల్లో, మిల్లుల్లో దొంగ సరుకును పట్టించే సాక్షి అయింది. అధికారులు గుప్పెడు బియ్యం తీసి ముందు వెతికేది దానికోసమే.

ఆ బియ్యం ఓడదాకా ఎలా చేరుతుంది? దారి ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. డెల్టాలో, పట్టణాల్లో చాలా కుటుంబాలు దొడ్డుబియ్యం తినడం మానేశాయి. కోటా తీసుకుని పది పన్నెండు రూపాయలకు దళారికి ఇచ్చేసి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి సన్నబియ్యం కొనుక్కుంటాయి. ఆ పేదింటిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. దళారి దగ్గర పోగైనది మిల్లుకు వెళ్తుంది. కొంత పాలిష్ పట్టి కొత్త సంచుల్లోకి మారుతుంది. కొంత, రైతు ధాన్యం ఆడించి ఇచ్చిన బియ్యమన్నట్టుగా, మళ్లీ ప్రభుత్వ గోదాముకే చేరుతుంది. రీసైక్లింగ్ అని దానికి మామూలు పేరు. కిలోకు 40 రూపాయలు పెట్టి ప్రజలు కొన్న గింజ అక్కడ రెండోసారి అమ్ముడవుతోంది.

దీన్ని దాడులతో, కేసులతో మాత్రమే ఆపలేం. తెలంగాణ 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టింది, మనిషికి 6 కిలోలు. జనం తినే బియ్యమే ఇస్తే అమ్ముకోవాల్సిన అవసరం తగ్గుతుందన్నది దాని వెనక ఆలోచన, అది సరైన ఆలోచన. సన్నాలు పండించే రైతుకు క్వింటాకు 500 రూపాయల బోనసు కూడా ఇస్తోంది. ఆ బోనసు రేపు జెనీవా లెక్కల్లో చేరవచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి. అదే 2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఫిలిప్పీన్స్‌కు ఎం.టి.యు. 1010 బియ్యం తొలి విడత 12,500 టన్నులు కాకినాడ నుంచే పంపింది. బహిరంగంగా, ఒప్పందం మీద పంపిన ఆ సరుకుకూ దొంగ ఓడకూ పోలిక లేదు. కానీ రాష్ట్రం సేకరించిన ధాన్యం విదేశానికి వెళ్లిన ప్రతిసారీ దాని పద్దు రేషన్ పద్దుతో కలవకుండా, అడిగినవాడికి చూపించేంత శుభ్రంగా ఉండాలి.

మన తప్పు ఇంకొకటుంది, అది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. ఎల్ నినో భయం, బజారులో పెరుగుతున్న ధర, దగ్గర్లో ఎన్నికలు. మనకు గుర్తున్నది అమెరికాలో మనవాళ్లు సోనామసూరి సంచుల కోసం దుకాణాల ముందు నిలబడ్డ వీడియోలు. కుటుంబానికి ఒక సంచి అని అక్కడి అంగళ్లు చీటీలు అతికించాయి. డల్లాస్‌లో ఉన్నవాడు ఆ వారం రొట్టె తిని సర్దుకున్నాడు. బెనిన్‌లో, సెనెగల్‌లో, ఐవరీ కోస్ట్‌లో మన నూకలు, మన బియ్యం మీద బతికే ఇళ్లకు ఆ అవకాశం లేదు. నూకల ఎగుమతి మీద అంతకు పది నెలల ముందే నిషేధం పడింది. ప్రపంచ బజారులో బియ్యం ధర పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంత పైకి ఎగబాకింది.

ఆ తర్వాత అడిగిన దేశాలకు అడిగినట్టు విడతలుగా అనుమతులిచ్చాం. భూటాన్, మారిషస్, సింగపూర్‌కు ముందు. అక్టోబరులో నేపాల్, కామెరూన్, ఐవరీ కోస్ట్, గినీ, మలేషియా, ఫిలిప్పీన్స్, సీషెల్స్‌కు. స్నేహ సంబంధాలను బట్టి గింజ కదిలింది. 1966లో జాన్సన్ సంతకం కోసం ఓడల వైపు చూసిన దేశం మనది. యాభై ఏడేళ్ల తర్వాత ఇంకొకరిని మన సంతకం కోసం అలాగే నిలబెట్టాం. దేశంలో ధర పెరిగితే ముందు మన ఇల్లు చూసుకోవాలి, అందులో సందేహం లేదు. దానికి ముందస్తు నోటీసు, మెల్లగా పెంచే సుంకం, పేద దేశాలకు ముందే ఖాయం చేసిన కోటా లాంటి మార్గాలున్నాయి. రాత్రికి రాత్రి తలుపు మూయడం పొరుగువాడితో చేసే పని కాదు. శాశ్వత పరిష్కారానికి జెనీవాలో మన వెనక నిలబడాల్సింది ఆఫ్రికా దేశాలేనన్న సంగతి గుర్తుంటే ఆ పని చేసి ఉండేవాళ్లం కాదు.

ఆ నిషేధాన్ని 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. ఈలోగా గోదాములు పొర్లాయి. జులై 1 నాటికి కేంద్ర నిల్వల్లో ఉండాల్సిన బియ్యం 135 లక్షల టన్నులు. 2025లో దానికి రెండింతలకు పైగా పేరుకుంది. 52 లక్షల టన్నులు ఇథనాల్ తయారీకి కిలో 22 రూపాయల 50 పైసల చొప్పున కేటాయించారు. దాదాపు 40 రూపాయలు పడిన గింజ అది. కొనడం ఆపమని నేను అనను. ఆపితే మొదట కూలేది కౌలురైతు. వరి, గోధుమలకు ఇచ్చిన భరోసా కందికి, మినుముకు, జొన్నకు, రాగికి నిజంగా ఇచ్చి ఉంటే రైతు ఎప్పుడో కొంత మళ్లేవాడు. గోదాముల్లో బియ్యం పొర్లుతుంటే పప్పు విదేశాల నుంచి తెచ్చుకుంటున్నాం. బిడ్డ కంచంలో అన్నం ఉంది, పప్పు పలచబడింది.

జెనీవాలో మనం అడుగుతున్నది న్యాయమైనదే. 1986-88 ధర తీసేసి ఇటీవలి ఏళ్ల సగటు పెట్టాలి. లేదా ఆ ధరను ద్రవ్యోల్బణంతో పాటు పెంచాలి. పేదలకు పంచడానికి కొన్నదాన్ని సబ్సిడీ లెక్కలోంచే తొలగించాలి. ఇందులో ఏ ఒక్కటీ ఏ దేశపు రైతుకూ నష్టం చేయదు. శాంతి నిబంధన చాలు, ఎవరూ దావా వేయట్లేదుగా అని ఊరుకుంటే మాత్రం పొరపాటు. చెరకు విషయంలో బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా వేసిన దావాలో 2021లో మనం ఓడిపోయాం. అప్పీలు వినాల్సిన ధర్మాసనానికి న్యాయమూర్తులే లేరు. కొత్తవారి నియామకాలను అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయడం లేదు. అందుకే ఆ కేసు అలా వేలాడుతోంది. రేషన్ బియ్యాన్ని అలాంటి వేలాడే తాడు మీద వదిలేయలేం.

న్యాయం మన వైపున్నా, పద్దు మురికిగా ఉంటే ఎదుటివాడు న్యాయం గురించి మాట్లాడడు, మురికిని చూపిస్తాడు. అబుదాబిలో జరిగింది ఇంచుమించు అదే. భారత్ రేషన్ కోసం కొన్న బియ్యం ఎగుమతి బజారులోకి వస్తోందని థాయిలాండ్ ప్రతినిధి నిండు సమావేశంలో అన్నారు. మన ప్రభుత్వం తీవ్రంగా నిరసన తెలిపింది, ఆమెను ఆ చర్చల నుంచి తప్పించారు. అది జరిగిన తొమ్మిది నెలలకు కాకినాడ ఓడ వార్త వచ్చింది. మిల్లు గేటు, గోదాము, రేవు, ఈ మూడు చోట్లా బలవర్ధక గింజ పరీక్ష ప్రతి లోడుకూ తప్పనిసరి కావాలి. ఫలితాలు జిల్లాల వారీగా జనానికి కనిపించాలి. పట్టుబడినవాడి లైసెన్సు ఏ పార్టీ అధికారంలో ఉన్నా పోవాలి. ఏ రాయబారి ప్రసంగం కంటే అది జెనీవాలో మనకు ఎక్కువ బలం.

చదువుతున్నవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో కార్డు ఉంటే కాటా మీద అంకె చూడండి, యంత్రం ఇచ్చే చీటీ అడిగి తీసుకోండి. కడిగేటప్పుడు ఆ బలవర్ధక గింజ తేలితే పారేయకండి, పిల్లలకు వండి పెట్టండి. కోటా బియ్యం కొంటామని బండి మీద వచ్చేవాడికి అమ్మకండి. తూకం తగ్గినా, డీలరు లేదన్నా, బియ్యం మిల్లుకు తరలుతున్నట్టు కనిపించినా ఫోన్ చేయాల్సిన నంబరు 1967.